గ్రేట్ డేన్ ఆరోగ్యం: కిలోల లెక్కన పెరిగే బిల్లు

కుక్కలకు వేసే నులిపురుగుల మాత్రల్లో ఎక్కువ వాటికి ఒకటే లెక్క: 10 కిలోల బరువుకు ఒక మాత్ర. ఇంట్లో ఉన్నది బీగిల్ అయితే ఒకటి వేస్తే అయిపోతుంది. గ్రేట్ డేన్ అయితే ఆరు కావాలి, బాగా ఎదిగిన మగదైతే ఏడు. పెద్ద కుక్క వైద్యం ఎందుకు ఖరీదో చెప్పడానికి ఈ లెక్క చాలనిపిస్తుంది. కానీ అసలు సంగతి ఇంత సూటిగా ఉండదు. బరువుతో పాటు సరిసమానంగా పెరిగే ఖర్చులు కొన్ని, అంత వేగంగా పెరగనివి కొన్ని, అసలు పెరగనివి కొన్ని. నెలనెలా అయ్యే మందుల ఖర్చు వల్ల డేన్ యజమాని అప్పుల పాలు కావడం అరుదు. బరువూ, ఈ జాతికి పుట్టుకతో వచ్చే జబ్బులూ ఒకే రోజున కలిసొచ్చినప్పుడే బిల్లు చేయి దాటిపోతుంది. ఆ రోజు రాకుండా చూసే అవకాశం చాలావరకు మొదటి ఏడాదిన్నరలోనే ఉంటుంది, అదీ పెద్దగా ఖర్చు లేకుండానే. ఆ తర్వాత ఎంత డబ్బు పెట్టినా అంత ఫలితం రాదు.

గ్రేట్ డేన్ జర్మనీలో అడవి పందుల వేట కోసం రూపుదిద్దుకున్న జాతి. మగది భుజం దగ్గర కనీసం 80 సెంటీమీటర్లు, ఆడది 72 సెంటీమీటర్లు ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. బరువు ఆడవాటిలో 50 కిలోల నుంచి, మగవాటిలో 80 కిలోల దాకా వెళ్తుంది. ఆయుష్షు 7 నుంచి 10 ఏళ్లు. లెక్క తేలిగ్గా ఉండటానికి ఇక్కడ ప్రతిచోటా 60 కిలోల డేన్‌నీ, 10 కిలోల బీగిల్‌నీ పక్కపక్కన పెట్టి చూద్దాం. ధరలు ఊరూరికీ, ఏడాదేడాదికీ మారతాయి కాబట్టి రూపాయల కన్నా మిల్లీగ్రాముల లెక్కే నమ్మకమైనది.

ముందు తేలికైన సంగతి. డేన్‌కైనా బీగిల్‌కైనా టీకా డోసు ఒకటే. రేబిస్ టీకా అయినా, డిస్టెంపర్, పార్వో కలిపి వేసే టీకా అయినా ఒక సీసా ఒక కుక్కకు. రోగనిరోధక శక్తిని మేల్కొలపడానికి బరువుతో పని లేదు. డాక్టరు ఫీజూ అంతే, రక్త పరీక్షా అంతే. తిండి దగ్గరికి వస్తే లెక్క మారుతుంది. శరీరం వాడుకునే శక్తి బరువు పెరిగినంత వేగంగా పెరగదు. బీగిల్‌కు రోజుకు 630 కేలరీలు కావాలనుకుంటే డేన్‌కు 2,400 చుట్టూ కావాలి. అంటే ఆరు రెట్ల బరువుకు తిండి నాలుగు రెట్ల లోపే. పొడి ఆహారం మీద పెంచితే నెలకు 20 కిలోల సంచి ఒకటి. తక్కువేమీ కాదు, కానీ ముందే తెలిసిన ఖర్చు. దీనికి ఎవరూ బెదిరిపోరు.

మాత్రలూ, మత్తుమందూ, సెలైనూ మాత్రం కిలోల లెక్కనే నడుస్తాయి. పిడుదుల కోసం వేసే నమిలే మాత్రల్లో కొన్నింటికి పెద్ద ప్యాకు 50 కిలోలకే ఆగిపోతుంది, ఇంకొన్నింటికి 56 కిలోల దగ్గర. డేన్ ఆ గీత దాటేసి ఉంటుంది కాబట్టి రెండు మాత్రలు కలిపి వేయాల్సి వస్తుంది. పొడుగైన ప్రతి ఆపరేషన్‌లోనూ ఇదే వరస. మత్తు ఎక్కించే ప్రొపోఫాల్, ముందుగా వేరే మందు ఇవ్వకపోతే కిలోకు 5 మిల్లీగ్రాముల చుట్టూ పడుతుంది. బీగిల్‌కు 5 మిల్లీలీటర్ల సిరంజితో పని అయిపోతే, డేన్‌కు 30 మిల్లీలీటర్లు. పైగా దాన్ని బల్ల మీదికి ఎత్తడానికే ఇద్దరు ముగ్గురు మనుషులు కావాలి. నాలుగో అంతస్తులో ఉన్న డేన్ కాలు కదపలేని రోజున లిఫ్ట్ పని చేయకపోతే ఏం చేయాలన్నది చాలామంది కుక్క కొన్నాక గానీ ఆలోచించరు.

ఇక డేన్ పెంచేవాళ్లందరికీ టెన్షన్ పెట్టే జబ్బు దగ్గరికి వద్దాం. డాక్టర్లు జీడీవీ అంటారు, మామూలు వాడుకలో బ్లోట్. పేరుకు కడుపు ఉబ్బరమే గానీ, అజీర్తితో దీనికి పోలిక లేదు. డేన్ ఛాతీ లోతుగా, ఇరుకుగా ఉంటుంది. లోపల కడుపు కొంచెం స్వేచ్ఛగా వేలాడుతూ ఉంటుంది. అది గాలితో ఉబ్బి, తన చుట్టూ తాను మెలి తిరిగితే పైన అన్నవాహిక ద్వారం, కింద పేగులోకి వెళ్లే ద్వారం రెండూ మూసుకుపోతాయి. గాలి బయటికి పోదు, లోపల ఇంకా పుడుతూనే ఉంటుంది. ఉబ్బిన కడుపు వెనుక భాగం నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరను నొక్కేస్తుంది. గుండెకు రక్తం తగ్గిపోయి కుక్క షాక్‌లోకి వెళ్తుంది. కడుపును ఆనుకుని ఉండే ప్లీహం కూడా దానితో పాటు మెలి తిరుగుతుంది. రక్తం అందని కడుపు గోడ చచ్చిపోవడం మొదలవుతుంది. ఇదంతా గంటల్లో జరుగుతుంది.

గుర్తులు తెలిసినవాళ్లు పోల్చుకోగలరు. కుక్క వాంతి చేసుకోబోయినట్టు పదేపదే ఓకరిస్తుంది, కానీ నురుగు తప్ప ఏమీ రాదు. చొంగ కారుతుంది. ఒకచోట పడుకోలేక లేస్తూ కూర్చుంటూ ఉంటుంది, పొట్ట వైపు తిరిగి చూసుకుంటుంది. పొట్ట డప్పులా బిగుస్తుంది, అయితే డేన్‌లో పక్కటెముకల చాటున ఉండటం వల్ల మొదట్లో బయటికి కనబడకపోవచ్చు. ఈ దశలో వాము నీళ్లు తాగించడం, గ్యాస్ పొడి కలిపి పోయడం మన ఇళ్లలో సహజంగా చేసే పని. మూసుకున్న ద్వారంలోంచి ఏదీ లోపలికి పోదు. పోసింది ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం మాత్రం ఉంటుంది. వట్టి ఓకరింతలు కనబడ్డాయంటే చేయాల్సింది ఒక్కటే, బండి తీయడం.

ఆసుపత్రిలో జరిగేది వరసగా చూస్తే బిల్లు ఎందుకు అంత అవుతుందో తెలుస్తుంది. ముందు రెండు ముందు కాళ్లకూ పెద్ద సూదులు పెట్టి వేగంగా సెలైన్ ఎక్కిస్తారు. కిలోకు 20 మిల్లీలీటర్ల చొప్పున మొదటి విడతే 1,200 మిల్లీలీటర్లు, పావుగంటలో. బీగిల్‌కైతే 200 చాలు. నోట్లోంచి గొట్టం వేసి గాని, పక్క నుంచి లావుపాటి సూది గుచ్చి గాని గాలి తీస్తారు. కుడి పక్కకు పడుకోబెట్టి ఎక్స్‌రే తీస్తే కడుపు రెండు గదులుగా విడిపోయినట్టు కనబడుతుంది, మెలిక పడిందనడానికి అదే రుజువు. తర్వాత పొట్ట కోసి మెలిక విప్పుతారు. చచ్చిన భాగం ఉంటే తీసేస్తారు, ప్లీహం పాడైతే అదీ తీస్తారు. ఇక మళ్లీ తిరగకుండా కడుపును కుడి వైపు పొట్ట గోడకు కుట్టేస్తారు. ఆపరేషన్ బాగా జరిగినా కథ అయిపోదు. రెండు మూడు రోజుల పాటు గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది. ఈసీజీ చూస్తూ ఆసుపత్రిలోనే ఉంచాలి. ఇంత పనికి నగరంలోని ప్రైవేటు ఆసుపత్రిలో లక్ష మాట వినబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇంత చేశాకా అన్నీ బతకవు. సమయానికి చేరి ఆపరేషన్ జరిగినవాటిలో ఎక్కువ భాగం బతుకుతాయి, ఆలస్యమైనకొద్దీ ఆ ఆశ పడిపోతుంది.

ఈ జబ్బు మీద అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి పని జరిగింది. 2003లో వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం గ్రేట్ డేన్‌కు జీవితకాలంలో ఇది వచ్చే అవకాశం 37 శాతం. అదే విశ్లేషణలో రాట్‌వైలర్‌కు 4 శాతం. రెండూ పెద్ద కుక్కలే, కాబట్టి తేడాకు బరువు ఒక్కటే కారణం కాదు, ఛాతీ ఆకారానికీ వంశానికీ అందులో పెద్ద పాత్రే ఉంది. తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో ఇది వచ్చి ఉంటే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. గబగబా మింగే అలవాటు, రోజంతటికీ ఒకేసారి కడుపునిండా పెట్టడం, బెదురు స్వభావం, పెద్ద వయసు కూడా కారణాల జాబితాలో ఉన్నాయి. ఇంకో విషయం చాలామందికి మింగుడు పడదు. పొడుగు కుక్క వంగలేదని గిన్నెను ఎత్తైన స్టాండు మీద పెడతారు కదా, పర్డ్యూ పరిశోధకులు 2000లో ప్రచురించిన ఫలితాల్లో ఎత్తు గిన్నె ప్రమాదాన్ని పెంచుతున్నట్టే తేలింది. పెంపుడు జంతువుల దుకాణాల్లో ఆ స్టాండ్లు ఇప్పటికీ 'జీర్ణానికి మంచిది' అన్న మాటతోనే అమ్ముడవుతున్నాయి.

37 శాతం అంటే ప్రతి మూడు డేన్లలో ఒకటికి పైగా. ఇంత పెద్ద సంఖ్య ఉన్నప్పుడు ఆ రాత్రి కోసం డబ్బు దాచుకోవడం కన్నా ఆ రాత్రి రాకుండా చూసుకోవడమే తెలివైన లెక్క. మెలిక పడ్డాక చేసే కుట్టునే ముందుగా, కుక్క ఆరోగ్యంగా ఉన్నప్పుడే వేయించవచ్చు. దీన్నే గ్యాస్ట్రోపెక్సీ అంటారు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌తో కలిపి చేయిస్తే మత్తు ఒక్కసారే, కోత కూడా చాలాసార్లు ఒకటే. ముందుగా చేయించిన డేన్లలో ఈ జబ్బుతో చనిపోయే అవకాశం దాదాపు 30 రెట్లు తగ్గుతుందని అదే 2003 విశ్లేషణ లెక్కగట్టింది. కుట్టు వేసినా కడుపు ఉబ్బవచ్చు, కానీ మెలి తిరగడం చాలా అరుదు. ఉబ్బిన కడుపును గొట్టంతో సరిచేయవచ్చు, ప్రాణాల మీదికి తెచ్చేది మెలికే. ఒకసారి జబ్బు వచ్చి, కుట్టు వేయకుండా వదిలేసిన కుక్కల్లో సగానికి పైగా మళ్లీ అదే జబ్బున పడతాయి.

మన దగ్గర ఈ ఆపరేషన్ గురించి యజమానులకు చెప్పే అలవాటు ఇంకా బలపడలేదు. అడిగితే గానీ ఆ మాట రాదు. అందుకే కుక్కపిల్ల కోసం అడ్వాన్సు ఇచ్చేటప్పుడే, ఊళ్లో ఈ పని చేసిన అనుభవం ఉన్న సర్జన్ ఎవరో కనుక్కోవడం మంచిది.

మొదటి ఏడాదిన్నరలో చేతిలో ఉండే రెండో విషయం ఎదుగుదల. పుట్టినప్పుడు కిలో కూడా ఉండని పిల్ల ఏడాదికి యాభై కిలోలు దాటుతుంది. ఇంత పరుగులో ఎముకకు ఏ చిన్న తేడా వచ్చినా అది పెద్దదై కూర్చుంటుంది. ఇక్కడే మన ఇళ్లలో ప్రేమ కొద్దీ తప్పు జరుగుతుంది. పెద్ద కుక్క కాబట్టి ఎముకలు గట్టిపడాలని కాల్షియం సిరప్, పాలు, పైన గుడ్లు, ఇంకా పైన ఎముకల పొడి. కాళ్లు వంకర పోతుంటే కాల్షియం తక్కువైందనుకుని డోసు పెంచుతారు. గ్రేట్ డేన్ పిల్లల మీదే జరిగిన పరిశోధనలు దీనికి సరిగ్గా ఎదురు చెబుతున్నాయి. 1974లో కార్నెల్‌లో, హెడ్‌హమ్మర్ బృందం డేన్ పిల్లలకు బలమైన తిండి తిన్నంత పెట్టి పెంచితే వాటిలో ఎముకల జబ్బులు ఎక్కువయ్యాయి. కొలిచి తక్కువ పెట్టినవి మెరుగ్గా ఎదిగాయి. 1980లలో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో హేజెవింకెల్ బృందం కాల్షియం ఎక్కువ ఇస్తే డేన్ పిల్లల ఎముకల ఎదుగుదల ఎలా దెబ్బతింటుందో చూపింది. కారణం ఏమిటంటే, ఎదిగిన కుక్క అక్కర్లేని కాల్షియాన్ని పేగు దగ్గరే ఆపేయగలదు. చిన్న పిల్లకు ఆ నేర్పు ఇంకా రాదు. మింగిన దానిలో చాలా భాగం లోపలికి లాగేసుకుంటుంది, దాన్ని ఎముక మోయాల్సి వస్తుంది.

దీని ఫలితాలు ఆసుపత్రిలో రకరకాల పేర్లతో కనబడతాయి. రెండు నుంచి ఏడు నెలల పిల్లల్లో మణికట్ల పైన ఎముక చివరలు వాచి, జ్వరం వచ్చి, నిలబడలేని స్థితి ఒకటి. దాన్ని హెచ్ఓడీ అంటారు, దాని అసలు కారణం ఇంకా పూర్తిగా తేలలేదు గానీ డేన్ పిల్లల్లో తరచుగా కనబడుతుంది. భుజం కీలులో మృదులాస్థి ఊడిరావడం ఒకటి. తుంటి కీలు వదులు కావడం మరొకటి, ఇందులో వంశం పాత్ర పెద్దదే అయినా తిండితో వచ్చే బరువు దాన్ని పైకి తెస్తుంది. వీటిలో కొన్నింటికి ఆపరేషన్ కావాలి, మిగతావాటికి జీవితాంతం నొప్పి మాత్రలు. కార్ప్రొఫెన్ అనే మాత్ర డేన్‌కు రోజుకు 260 మిల్లీగ్రాములు, అంటే 100 మిల్లీగ్రాముల మాత్రలు రెండున్నరకు పైగా, ఏళ్ల తరబడి. ఖర్చు చూసి మనుషుల ఐబుప్రొఫెన్ వేసేవాళ్లు ఉన్నారు. కుక్కల్లో అది కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, ఆ చికిత్సకు అయ్యే బిల్లు నొప్పి మాత్రల బిల్లును మించిపోతుంది.

పెద్ద జాతి పిల్లల కోసమే తయారైన ఆహారంలో కాల్షియం అవసరమైనంతే ఉంటుంది. అది పెట్టేవాళ్లు పైన సిరప్ కొనాల్సిన పని లేదు. ఇంటి తిండి పెట్టదలచుకుంటే కాల్షియం, ఫాస్ఫరస్ లెక్క డాక్టరుతో వేయించుకోవాలి, ఎందుకంటే వట్టి అన్నం, మాంసం మీద పెరిగే పిల్లకు నిజంగానే కాల్షియం చాలదు. ఎక్కువా ప్రమాదమే, తక్కువా ప్రమాదమే. ఏదేమైనా డేన్ పిల్ల సన్నగా, పక్కటెముకలు చేతికి తగిలేలా పెరగాలి. చూసినవాళ్లు 'తిండి పెట్టట్లేదా' అని అడిగితే అడగనివ్వాలి.

గుండె జబ్బు దగ్గర లెక్క మళ్లీ మాత్రలకు వస్తుంది. గుండె కండరం పలచబడి, గదులు సాగిపోయి, రక్తాన్ని నెట్టలేకపోయే జబ్బు డైలేటెడ్ కార్డియోమయోపతి. డాబర్‌మన్, ఐరిష్ వుల్ఫ్‌హౌండ్‌లతో పాటు దీనికి ఎక్కువగా గురయ్యే జాతుల్లో డేన్ ఒకటి. తొందరగా అలసిపోవడం, రాత్రి దగ్గు, పొట్టలో నీరు చేరడం గుర్తులు. వీటికన్నా చాలా ముందే ఎకో పరీక్షలో, ఈసీజీలో తేడా కనబడుతుంది. ప్రధానమైన మందు పిమోబెండన్. రోజుకు కిలోకు అర మిల్లీగ్రాము లెక్కన బీగిల్‌కు 5 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, డేన్‌కు ఆరు. దానితో పాటు నీరు పోయే మాత్ర, రక్తపోటు మాత్ర, గుండె లయ తప్పితే ఇంకొకటి. ఈ జబ్బుకు నయం కావడమంటూ లేదు, బతికినంత కాలం మందులే. పది కిలోల కుక్క యజమాని ఏడాదికి పెట్టేది డేన్ యజమాని రెండు నెలల్లో పెడతాడు.

ఇక్కడ ఒక పక్క మాట. ధాన్యం లేని ఖరీదైన ఆహారాలకూ ఈ గుండె జబ్బుకూ సంబంధం ఉందేమోనని అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2018 జూలైలో విచారణ మొదలుపెట్టింది. బఠాణీ, పప్పుధాన్యాలు ఎక్కువగా ఉన్న ఆ ఆహారాల మీద ఫిర్యాదులు వందల్లో వచ్చాయి గానీ, కారణం ఇదేనని తేల్చే రుజువు ఇంతవరకు దొరకలేదు. అయినా వంశంలోనే గుండె జబ్బు ఉన్న కుక్కకు, అలెర్జీ ఏదీ లేనప్పుడు, ఎక్కువ డబ్బు పోసి మరీ ఆ ఆహారం కొనడంలో అర్థం లేదు.

ఎముక క్యాన్సర్ గురించి చెప్పుకోవాలంటే రికార్డు పుస్తకాల కుక్కలే గుర్తుకొస్తాయి. ప్రపంచంలో బతికి ఉన్న కుక్కల్లోకెల్లా పొడుగైనదిగా 2022లో గిన్నిస్ గుర్తించిన టెక్సాస్ డేన్ జ్యూస్‌కు ముందు కాలులో ఎముక క్యాన్సర్ వచ్చింది. 2023 సెప్టెంబరులో కాలు తీసేశారు. కొద్ది రోజులకే న్యుమోనియాతో చనిపోయింది, వయసు మూడేళ్లు. 2024లో అదే గుర్తింపు పొందిన అయోవా డేన్ కెవిన్ కూడా మూడేళ్లకే, ఉన్నట్టుండి వచ్చిన జబ్బుకు ఆపరేషన్ జరిగాక పోయింది. అంతకుముందు 111.8 సెంటీమీటర్ల రికార్డు సాధించిన మిషిగన్ డేన్, దాని పేరూ జ్యూస్‌యే, అయిదేళ్లకు పోయింది. మూడు కుక్కలతో గణాంకం తయారు కాదు. కానీ పొడుగునే చూసి పెంపకం చేసే అమ్మకందారులు ఆ ఫొటోలు చూపించేటప్పుడు ఈ వయసులు చెప్పరు.

ఆస్టియోసార్కోమా అనే ఈ క్యాన్సర్ సాధారణంగా మణికట్టు పైన, భుజం దగ్గర, మోకాలి చుట్టూ వస్తుంది. కుంటడం మొదలయ్యాక బెణికిందనుకుని నూనె రాస్తూ వారాలు గడిచిపోతాయి. పెద్ద వయసు డేన్ కుంటుతూ ఎముక మీద గట్టి వాపు ఉంటే ఎక్స్‌రే ఆలస్యం చేయకూడదు. అయితే ఆశ ఎంతవరకు పెట్టుకోవాలో కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. జబ్బు బయటపడేసరికే 90 శాతం కుక్కల్లో కంటికి కనబడని కణాలు ఊపిరితిత్తులకు చేరి ఉంటాయి. కాలు తీసేస్తే నొప్పి పోతుంది, సగటున నాలుగైదు నెలలు దక్కుతాయి. కీమోథెరపీ కలిపితే పది పన్నెండు నెలలు. కీమో డోసు కిలోల మీద కాకుండా శరీర ఉపరితలం మీద లెక్కగడతారు కాబట్టి డేన్‌కు బీగిల్ కన్నా ఆరు రెట్లు కాదు, మూడు రెట్ల పైచిలుకు మాత్రమే పడుతుంది. ఇక్కడ బరువు కొంచెం దయ చూపిస్తుంది. మూడు కాళ్ల మీద 60 కిలోలు మోయడం మాత్రం మిగతా కీళ్ల పరిస్థితిని బట్టే సాధ్యం. ఇంత చేయించాలా, నొప్పి తెలియకుండా చూసుకుని ప్రశాంతంగా సాగనంపాలా అన్నది డబ్బున్నవాళ్లకూ తేలిక కాని ప్రశ్న. రెండో దారి ఎంచుకున్నవాళ్లు ప్రేమ తక్కువైనవాళ్లేమీ కాదు.

పై జబ్బులన్నీ ప్రపంచమంతటా డేన్లకు ఉన్నవే. తెలుగు నేల మీద పెరిగే డేన్‌కు అదనంగా వచ్చేది పిడుదుల జ్వరం. ఎర్లీషియా, బబీసియా అనే రెండు రకాల సూక్ష్మజీవులు ఇక్కడ ఏడాది పొడుగునా ఉంటాయి. ఎర్లీషియాకు డాక్సీసైక్లిన్ చవకైన మందు. కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు 100 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు, 28 రోజులకు 168. సంఖ్య పెద్దదే గానీ బిల్లు భరించదగ్గదే. బబీసియాలో గిబ్సోనై అనే రకం వస్తే కథ మారుతుంది. దానికి వాడే అటోవాక్వోన్ ఖరీదైన మందు. కిలోకు 13.3 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లు, పది రోజులు. డేన్‌కు మొత్తం 24 గ్రాములు పడుతుంది. అది కొనలేక, దొరకక వేరే మందుల కలయికలతో చికిత్స చేయడం జరుగుతుంటుంది.

జ్వరం ముదిరి రక్తం పడిపోతే ఇంకో చిక్కు. రక్తంలో ఎర్రకణాల శాతం ఒక్కటి పెరగడానికి కిలోకు 2 మిల్లీలీటర్ల రక్తం ఎక్కించాలి. డేన్‌లో పది శాతం పెంచాలంటే 1,200 మిల్లీలీటర్లు, అంటే దాదాపు మూడు సంచులు, మూడు దాత కుక్కలు. తమాషా ఏమిటంటే రక్తదానానికి అందరూ వెతికేది డేన్ల కోసమే, ఒక్కసారికి నిండు సంచి ఇవ్వగలవు కాబట్టి. ఊళ్లో డేన్ పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఉండటం వల్ల అన్నిటికన్నా పెద్ద లాభం ఇదే. మూడు నెలలకోసారి వేయాల్సిన పిడుదుల మాత్ర ఖరీదుగా అనిపించినప్పుడు ఈ మూడు సంచుల్ని గుర్తు తెచ్చుకుంటే సరిపోతుంది.

చిన్నవే గానీ విసిగించేవి రెండున్నాయి. మన ఇళ్లలో నేలంతా గ్రానైటు, టైల్సు. డేన్ ధబ్బున కూలబడుతుంది, మోచేయి నేలకు కొట్టుకుని అక్కడ నీటి సంచి తయారవుతుంది. నొప్పి ఉండదు, కదపకుండా వదిలేసి మందపాటి పరుపు వేస్తే తగ్గుతుంది. సూదితో నీరు తీయించుకుంటూ పోతే చీము పట్టి అదే పెద్ద ఖర్చవుతుంది. రెండోది తోక. ఇరుకు హాల్లో సంతోషంగా ఊపే తోక గోడలకు కొట్టుకుని చివర పగులుతుంది. గోడల మీద రక్తపు చుక్కలు, నిలవని కట్లు, వారాల తరబడి డ్రెస్సింగు. చివరికి కొన్నింటికి తోక కొంత తీసేయాల్సి వస్తుంది.

మెడ ఎముకల మధ్య వెన్నుపాము నలిగి వెనుక కాళ్లు తూలే వాబ్లర్ జబ్బు చిన్న వయసు డేన్లలోనే మొదలవుతుంది. నిర్ధారణకు ఎమ్మారై కావాలి, కుక్కలకు ఆ సౌకర్యం ఉన్న చోట్లు కొన్నే. థైరాయిడ్ తగ్గడం దీనితో పోలిస్తే తేలికైనది, మందూ చవకే. కాకపోతే కిలోకు 20 మైక్రోగ్రాముల లెక్క చూసి మెడికల్ షాపులో కంగారు పడతారు, మనిషికి మామూలుగా 100 రాసే చోట కుక్కకు 1,200 అంటే చీటీ తప్పు రాశారనుకుంటారు. చాలామంది డాక్టర్లు 800 దగ్గర ఆపి రక్త పరీక్ష చూసి సరిచేస్తారు.

వైద్యం ఎక్కడ అన్నది ఖర్చులో సగం. హైదరాబాద్ నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో ఎక్స్‌రే, స్కానింగు, ఆపరేషన్లు ప్రైవేటు కన్నా చాలా తక్కువలో అవుతాయి. కుంటడం, చర్మం, గుండె పరీక్షల్లాంటి నిదానంగా చూపించుకోగల జబ్బులకు ఇవి మంచి దారి, వరసలో నిలబడే ఓపిక ఉంటే. 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే పశువైద్య వాహనాలు ప్రధానంగా పాడి పశువుల కోసం ఉద్దేశించినవి. బ్లోట్ మాత్రం సాయంత్రం తిండి తిన్నాక ఏ రాత్రికో వచ్చే రకం, ఓపీ సమయాల కోసం ఆగదు. రాత్రి పదకొండుకు తలుపు తీసి, పొట్ట ఆపరేషన్ చేయగల సర్జన్‌నీ మత్తు డాక్టరునీ పిలిపించగల ఆసుపత్రి ఏదో ముందే ఫోను చేసి కనుక్కోవాలి. 'ఇరవై నాలుగు గంటలు' అని బోర్డు ఉన్న ప్రతిచోటా రాత్రి సర్జన్ ఉండడు. చిన్న పట్టణాల్లో ఉండేవాళ్లకు దగ్గరి నగరానికి రెండు మూడు గంటల ప్రయాణమంటే, ముందుగా వేయించే కుట్టు విలువ అక్కడ ఇంకా ఎక్కువ.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు లెక్క వేరు. అక్కడ బ్లోట్ ఆపరేషన్ కొన్ని వేల డాలర్లు, కానీ ముందు కట్టి తర్వాత తిరిగి పొందే బీమా చాలాకాలంగా అలవాటులో ఉంది. ఇండియాలో కుక్కల బీమా పాలసీలు ఇటీవలి ఏళ్లలో పుంజుకున్నాయి. కొనేముందు మూడు సంగతులు చూసుకోవాలి. జెయింట్ జాతులకు చేరే వయసు పరిమితి మిగతావాటికన్నా తక్కువ పెట్టారా, పుట్టుకతో లేదా వంశంతో వచ్చే జబ్బులను మినహాయించారా, ఒక ఆపరేషన్‌కు ఇచ్చే గరిష్ఠ మొత్తం ఎంత. రెండో దానికి జవాబు అవును అయితే తుంటి, గుండె, మెడ అన్నీ బయటికి పోతాయి. ఆ పాలసీకి కట్టే ప్రీమియాన్ని బ్యాంకులో వేరే ఖాతాలో వేసుకోవడమే మేలు.

ఇక కుక్కపిల్లను ఎంచుకునే చోటు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితాలు వంశాన్ని చెబుతాయి, ఆరోగ్యాన్ని కాదు. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే, గుండె ఎకో చూపించమని అడిగితే చాలామంది అమ్మకందారులు చిరాకు పడతారు. తెల్లటి ఒంటి మీద నల్ల మచ్చల హార్లెక్విన్ పిల్లలకు గిరాకీ ఎక్కువ కాబట్టి మచ్చల కుక్కలనే ఒకదానితో ఒకటి కలిపేవాళ్లూ ఉన్నారు. ఆ మచ్చల వెనుక ఉండే మెర్ల్ అనే జన్యువు తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ చేరిన పిల్లలు దాదాపు తెల్లగా పుడతాయి, వాటిలో చెవుడు, చూపు లోపాలు ఎక్కువ. ఏ పరీక్ష కాగితమూ దొరకనప్పుడు ఒక్క ప్రశ్న అడిగి చూడవచ్చు: దీని తాతలు, అమ్మమ్మలు ఎన్నేళ్లు బతికారు, దేనితో పోయారు? మూడు తరాల వయసులు తడుముకోకుండా చెప్పగలిగే చోట, అవి ఎనిమిదేళ్లు దాటినవైతే, పిల్ల ధర పదివేలు ఎక్కువైనా ఇవ్వవచ్చు.